ఫైర్ స్టేషన్ పద్దు పుస్తకం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పు" అన్నాడు. ఇంజనీరింగు గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ బడిలో చదివినవాళ్లే చాలామంది ఉన్నారు. అందుకని నేను ఆఫీసులో చేసిన పని గురించి కాకుండా, ఆఫీసు అయ్యాక సాయంత్రాలు చేసిన పని గురించి చెబుతాను. న్యూజెర్సీలో నేనుండే ఊరి అగ్నిమాపక దళానికి ఆరేళ్లు కమిషనరుగా, అందులో నాలుగేళ్లు కోశాధికారిగా ఉన్నాను. పేరు పెద్దదిగా వినిపిస్తుంది కానీ, నేను ఒక్కసారి కూడా నిప్పు ఆర్పలేదు. పద్దులు రాశాను.

ముందు ఇక్కడి సంగతి ఒకటి గుర్తుచేస్తాను. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, ఒంటిపూట బడులు నడుస్తున్న రోజుల్లో, బడి వెనక పాలెం తగలబడింది. మా బ్యాచ్ వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. తాటాకు ఇళ్లు, పైగా వడగాలి. మన క్లాసువాళ్ల ఇళ్లే ఐదు పోయాయి. డ్రిల్లు మాస్టారు మమ్మల్ని వరసలో నిలబెట్టి బడి బావి నుంచి బిందెలు అందిపుచ్చుకునేట్టు చేశారు. పట్నం నుంచి ఫైరింజను వచ్చేసరికి గంటన్నర దాటింది. వచ్చాక కూడా పంపు అందుకోలేదు. ఊరి జనం ఆ డ్రైవరును చుట్టుముట్టి తిట్టని తిట్టు లేదు. ఆయన తలవంచుకుని, "రిపేరుకు రాసి నాలుగు నెలలైందయ్యా" అన్నాడు. వట్టి సాకు అనుకున్నాను. ఆ మాటకు అర్థం తెలియడానికి నాకు పాతికేళ్లకు పైగా పట్టింది.

అమెరికాలో ఫైరింజనుతో నా పరిచయం పోపుతో మొదలైంది. ఒక ఆదివారం పులిహోరకు పోపు వేస్తుంటే నూనె మాడి ఇల్లంతా పొగ కమ్మింది. గోడకున్న అలారం మోగి, అది అలారం కంపెనీకి, అక్కడి నుంచి ఫైర్ స్టేషన్‌కు చేరింది. కొద్ది నిమిషాల్లో ఎర్రబండి గుమ్మం ముందుంది. బరువైన బూట్లతో వంటింట్లోకి వచ్చిన మనిషిని ఎక్కడో చూశాననిపించింది. కిందటి నెల మా ఇంట్లో కుళాయి బాగుచేసిన ప్లంబరు. "మీరిక్కడ?" అంటే, "నేను వాలంటీరును" అన్నాడు. బండి నడిపినాయన స్కూల్ బస్సు డ్రైవరు. వెనక నిలబడ్డ కుర్రాడు కాలేజీ విద్యార్థి. వీళ్లెవరికీ జీతం లేదు.

అమెరికా అంటే అన్నీ జీతాల ఉద్యోగాలే అనుకుంటాం. 2020 లెక్కల ప్రకారం ఆ దేశంలో సుమారు 10 లక్షల 41 వేల మంది అగ్నిమాపక సిబ్బంది ఉంటే, వాళ్లలో 6 లక్షల 77 వేల మంది వాలంటీర్లే. పెద్ద నగరాల్లో జీతాల సిబ్బంది, చిన్న ఊళ్లలో ఇలా ఇరుగుపొరుగువాళ్లు. 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో ఇలాంటి స్వచ్ఛంద దళాన్నే పెట్టించాడు. అయితే ఆ సంఖ్య తగ్గుతోంది. 1984లో వాలంటీర్లు దాదాపు 9 లక్షల మంది ఉండేవారు. ఇప్పుడు ఉద్యోగాలు దూరం. పగటిపూట ఊళ్లో మనుషులుండరు. కాల్ వస్తే బండి ఎక్కేవాళ్లు చాలని రోజులున్నాయి.

మన దగ్గర అగ్నిమాపక శాఖ రాష్ట్ర ప్రభుత్వానిది. బండీ జీతమూ రాజధాని నుంచి రావాలి. న్యూజెర్సీలో చాలా ఊళ్లలో ఫైర్ డిస్ట్రిక్ట్ అనే ఏర్పాటుంది. ఊరివాళ్లు ఐదుగురు కమిషనర్లను మూడేళ్ల కాలానికి ఎన్నుకుంటారు. ఆనవాయితీగా ఎన్నిక ఫిబ్రవరి మూడో శనివారం. అదే రోజు ఆ ఏడాది బడ్జెట్ మీద కూడా ఓటు వేయాలి. ఇంటిపన్నులో ఫైర్ డిస్ట్రిక్ట్‌కు ఇంత అని విడిగా రాసి ఉంటుంది. చలికాలం, మంచు, శనివారం. ఓటుకు ఎవరొస్తారు? పోపు సంగతి జరిగిన రెండేళ్లకు ఒక స్థానం ఖాళీ అయితే, ఆ ప్లంబరు వచ్చి, "మాకు లెక్కలు తెలిసినవాడు కావాలి" అని నా చేత నామినేషన్ వేయించాడు. పోటీ లేదు. నాకొచ్చిన ఓట్లు మన పదో తరగతి రెండు సెక్షన్ల హాజరు పట్టీలో పేర్ల కంటే తక్కువ. వందల తెలుగు కుటుంబాలున్న ఊరది. వాళ్లలో ఓటు వేసినవాళ్లు నేనూ, మా ఆవిడా.

పని విభజన సులువుగానే ఉంటుంది. మంట దగ్గర చీఫ్ మాటే చెల్లాలి. కమిషనర్లు నోరు మెదపకూడదు. డబ్బు, కొనుగోళ్లు, బీమా, భవనం, కాంట్రాక్టులు మావి. నెలకోసారి సమావేశం, దానికి ఊళ్లో ఎవరైనా రావచ్చు, ఎవరైనా లేచి అడగవచ్చు.

బాధ్యత తీసుకున్నాక తెలిసింది, ఫైర్ స్టేషన్ అంటే గడువు తేదీల గిడ్డంగి అని. నిప్పులోకి వెళ్లేవాళ్లు తొడుక్కునే కోటు, ప్యాంటు తయారైన పదేళ్లకు, చిరగకపోయినా సరే, తీసేయాలి. వీపున మోసే గాలి సిలిండరును ఐదేళ్లకోసారి ఒత్తిడి పరీక్షకు పంపాలి. కాంపోజిట్ రకమైతే పదిహేనేళ్లకు పారేయాలి. పంపుకు ఏటా పరీక్ష, గొట్టాలకు ఏటా పరీక్ష, నిచ్చెనలకు పరీక్ష. కొత్త ఫైరింజను ఇప్పుడు దాదాపు పది లక్షల డాలర్లు. ఆర్డరిచ్చాక చేతికి రావడానికి రెండు మూడేళ్లు. అంటే పాతది మొరాయించాక కొందామనుకుంటే అప్పటికే ఆలస్యం.

ఇంకోవైపు పన్ను. 2011 నుంచి మా రాష్ట్రంలో, కొన్ని మినహాయింపులు పోను, ఆస్తిపన్ను వసూళ్లను ఏడాదికి 2 శాతానికి మించి పెంచకూడదు. బీమా ఖర్చు, బండి ధర ఆ 2 శాతం దగ్గర ఆగవు కదా. ఊరివాళ్లు, "మా ఇల్లు ఎప్పుడూ తగలబడలేదు, మాకెందుకు ఈ పన్ను?" అనేవారు. వాళ్లకు చెప్పడానికి నాకు ఒక లెక్క దొరికింది. అమెరికాలో ఊళ్ల అగ్నిరక్షణకు 1 నుంచి 10 దాకా ర్యాంకు ఇచ్చే సంస్థ ఉంది. 1 మేలు, 10 అధమం. మార్కుల్లో 50 దళానికి, 40 నీటి సరఫరాకు, 10 కాల్ అందుకుని బండిని పంపే వ్యవస్థకు. చాలా బీమా కంపెనీలు ఇళ్ల ప్రీమియం కట్టేటప్పుడు ఆ ర్యాంకును చూస్తాయి. దళం చెడితే పన్నులో మిగిలింది ప్రీమియంలో పోవచ్చు. ఇలా చెబితే జనం వినేవారు. పన్ను పెంచకుండా బడ్జెట్ నడిపిస్తున్నానని నాకు మంచి పేరు కూడా వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ సభలో చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను.

కోశాధికారిగా నా రెండో బడ్జెట్. చీఫ్ ఇచ్చిన జాబితాలో రేడియోలు, గొట్టాలు ఉన్నాయి. రేడియోల దగ్గర నేను పేచీ పెట్టలేదు. 1988 జులై 1న మా రాష్ట్రంలోనే హేకెన్‌సాక్‌లో ఒక కార్ల డీలరు భవనం కప్పు కూలి ఐదుగురు ఫైర్‌మన్‌లు చనిపోయారు. లోపల చిక్కుకున్నవాళ్లు రేడియోలో పిలిచిన పిలుపులు బయటివాళ్లకు అందలేదు. ఆ కథ తెలియని కమిషనరు మా దగ్గర ఉండడు. గొట్టాల దగ్గరే ఆగాను. "కిందటి నెల పరీక్షలో అన్నీ పాసయ్యాయి కదా" అన్నాను. చీఫ్, "పాసయ్యాయి, కానీ ముందు బండి మీదవి పాతబడ్డాయి, చేతికి తెలుస్తోంది" అన్నాడు. ఇంజనీరుని కదా, చేతికి తెలియడమేమిటి, కాగితం మీద చూపించు అన్నాను. ఒక ఏడాది వాయిదా వేశాం. మొత్తం బడ్జెట్లో అది నూటికి ఒకటి కూడా కాదు.

ఆ జనవరిలో, అర్ధరాత్రి దాటాక, ఒక వృద్ధ దంపతుల ఇల్లు అంటుకుంది. వాళ్లిద్దరూ బయటపడ్డారు. ప్లంబరూ, ఆ కాలేజీ కుర్రాడూ గొట్టం పట్టుకుని మెట్లెక్కుతుండగా వాళ్ల వెనక గొట్టం పగిలింది. చేతిలో నీళ్లు ఆగిపోయాయి. పొగలో తడుముకుంటూ వెనక్కి దిగారు. దిగేటప్పుడు కుర్రాణ్ణి ముందుకు తోసి ప్లంబరు వెనక ఉండిపోయాడు. చెయ్యి కాలింది. రెండో గొట్టం సిద్ధమయ్యేలోగా మంట కప్పుకెక్కింది, ఇల్లు దక్కలేదు. నేను వెళ్లేసరికి ఆ పెద్దావిడ ఎవరిదో దుప్పటి కప్పుకుని రోడ్డు మీద నిలబడి, పెళ్లి ఫోటోలు పై గదిలో ఉన్నాయని ఒకటే చెబుతోంది.

గొట్టాన్ని గాజు ముక్క కోసిందో, పాతదనం వల్ల పగిలిందో చివరికి ఎవరూ తేల్చలేకపోయారు. కొత్తదైనా పగిలేదేమో. ఆ "ఏమో"తోనే నేను ఇన్నేళ్లూ ఉన్నాను.

తర్వాతి సమావేశానికి ప్లంబరు చేతికి కట్టుతో వచ్చి జనం కుర్చీల్లో కూర్చున్నాడు. నా దగ్గర పరీక్ష రిపోర్టుల కట్ట సిద్ధంగా ఉంది. నన్ను నిలదీస్తే చూపిద్దామని. ప్రశ్నల వేళ ఆయన లేచి, "కొత్త గొట్టాలు ఎప్పుడొస్తాయి?" అని అడిగి కూర్చున్నాడు. అంతే. ఆ కట్ట విప్పబుద్ధి కాలేదు. మన లెక్కల మాస్టారు, "పరీక్ష పాసవడం వేరురా, లెక్క రావడం వేరు" అనేవారు. నలభైకి మూడు తక్కువ మార్కులతో పాసైన నాలాంటివాడిని చూసే అనేవారు. అక్కడ కూర్చుంటే ఆ మాట వినిపించింది.

ఆ నెలలోనే గొట్టాలకు ఆర్డరిచ్చాం. తర్వాత రెండు నియమాలు పెట్టుకున్నాం. ఒకటి, స్టేషన్లో ప్రతి వస్తువుకూ కొన్న ఏడాది, తీసేయాల్సిన ఏడాది ఒకే కాగితం మీద ఉండాలి. దానికి కావలసిన డబ్బు ఏటా కొంచెం కొంచెంగా పక్కన పెట్టాలి. రెండు, చీఫ్ అడిగినదాన్ని వద్దంటే, ఎవరు వద్దన్నారో, ఎందుకో పేరుతో సహా మినిట్స్‌లో రాయాలి. రెండో నియమం వల్ల ఖర్చు కొంత పెరిగిన మాట నిజమే. పేరు రాయాలంటే మనిషి ఇంకోసారి ఆలోచిస్తాడు. ఆ తర్వాతి ఫిబ్రవరిలో పన్ను పెంచుతున్నామని ఇంటింటికీ తిరిగి చెప్పాను. తెలుగు ఇళ్లకూ వెళ్లాను. పాతికమంది దాకా ఓటుకు వచ్చారు. మనవాళ్ల అబ్బాయి ఒకడు వాలంటీరు శిక్షణకు చేరాడు.

అప్పుడే నాకు మన ఫైరింజను డ్రైవరు గుర్తొచ్చాడు. నాలుగు నెలల కిందట ఆయన రాసిన కాగితాన్ని ఏ బల్ల మీదో నాలాంటివాడే ఒకడు, దుర్మార్గుడేమీ కాదు, పొదుపరి, "ఇంకో నెల ఆగు" అని పక్కన పెట్టి ఉంటాడు. తిట్లు మాత్రం పంపు దగ్గర నిలబడ్డవాడు తిన్నాడు.

ఈ మాటలన్నీ ఇక్కడ ఎందుకంటే, ఈ స్వర్ణోత్సవానికి మనం బడికి ముఖద్వారం కట్టిద్దామని తీర్మానం పెట్టుకున్నాం. నేనూ చందా ఇచ్చాను. ద్వారం వద్దనడం లేదు. కానీ నిన్న సాయంత్రం బడంతా ఒకసారి తిరిగాను. ఎనిమిదేళ్ల కిందట మనమే పెట్టించిన మంచినీళ్ల ప్లాంటు ఫిల్టర్లు మార్చక ఆగిపోయింది. లాబ్ వరండాలో రెండు ఎర్ర సిలిండర్లున్నాయి. చీటీ మీద ఆఖరి తేదీ దాటి ఆరేళ్లు. వెనక గేటు తాళం తుప్పు పట్టి ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో అటెండరుకు తెలియదు. వంటషెడ్డుకూ తరగతి గదికీ మధ్య ఎండుకట్టెలు పేర్చి ఉన్నాయి. 2004 జులై 16న కుంభకోణంలో బడి వంటగదిలో పుట్టిన మంట పూరి కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. మనది స్లాబు భవనమే. అయినా పిల్లలు బయటికి పరుగెత్తాల్సి వస్తే వాళ్లకున్నది ఒక్కటే గేటు.

హెడ్‌మాస్టరు గారి తప్పని నేననను. ఆయన కూడా ఎక్కడికో రాసే ఉంటారు. సంఘాన్ని నేను అడిగేది ఇది. ద్వారానికి వసూలైన దాంట్లో ఐదో వంతు బ్యాంకులో వేసి, దాని వడ్డీతో ఏటా సిలిండర్లు నింపించడం, వైరింగు చూపించడం, ఫిల్టర్లు మార్పించడం, వెనక గేటు తెరిపించడం. ఒక రిజిస్టరు. ఏటా జూన్‌లో బడి తెరిచే ముందు మనలో ఇద్దరు వచ్చి చూసి, తేదీ వేసి, సంతకం పెట్టడం. ఏదైనా వద్దనుకుంటే, వద్దన్నవాళ్ల పేరు కూడా రాయడం. మొదటి ఏడాది నా పేరు రాసుకోండి. జూన్‌లో సెలవు పెట్టి వస్తాను. రెండో సంతకానికి ఒకరు కావాలి. సభ అయ్యాక ఆ వేపచెట్టు కింద ఉంటాను.

మమ్మల్ని వరసలో నిలబెట్టి బిందెలు అందించిన డ్రిల్లు మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు. మాస్టారూ, ఆ రోజు ఆ వరసలో నా తర్వాత నిలబడ్డవాడి ఇల్లే కాలుతోందని నాకు సాయంత్రం దాకా తెలియదు. వాడు ఏమీ అనకుండా బిందెలు అందిస్తూనే ఉన్నాడు. వాడు కూడా ఇవాళ వచ్చాడు.