అదృష్టము: శబ్దార్థ విచారము



మన శావల్యాపురంలో పంటకు ధర పలికితే ‘అదృష్టం’ అంటాము, పలుకకపోతే ‘దురదృష్టం’ అంటాము. అయితే ఈ శబ్దానికి శాస్త్రం చెప్పిన అర్థం వేరు.

దృష్టము కానిది అదృష్టము. కంటికి కనబడనిది అని మాత్రమే అర్థం. అందులో మేలు లేదు, కీడు లేదు. అమరసింహుడు దైవం, దిష్టం, నియతి, విధి మొదలైన భాగ్యవాచకాలను ఒకచోట కూర్చి, ఈ పదాన్ని అక్కడ చేర్చలేదు. మరొకచోట నిప్పు వలన, నీటి వలన కలిగే భయానికి అదృష్టమని పేరు పెట్టినాడు! తెలుగువాడు ఆ పేరునే తెచ్చి లాటరీ టిక్కెట్టుకు అంటించినాడు. నైయాయికుల మతంలో అదృష్టమనగా జీవుని ఆశ్రయించియున్న ధర్మాధర్మములు, రెండునూ.

మీమాంసకులు మరింత కట్టుదిట్టంగా మాట్లాడినారు. యజ్ఞంలో వడ్లు దంచవలెనని విధి ఉన్నది. దంచితే ఊక పోతుంది. అది కనబడే ఫలం. కనబడే ఫలం ఉన్నచోట కనబడని ఫలాన్ని కల్పించరాదని వారి నిర్ణయం. గోళ్లతో ఒలిచినా ఊక పోతుంది కదా, దంచియే ఏల తీయవలెను? ఆ నియమం వరకు మాత్రమే అదృష్టఫలాన్ని అంగీకరించినారు. ఎంత పొదుపుగా వాడినారో చూడండి!

మనకు ఆ పొదుపు లేదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరానికి శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలినారు. ఆ నీటిని పల్నాటి అదృష్టమంటాము. నడుమ పన్నెండేండ్లపాటు రాళ్లు మోసిన చేతులు కనబడినవే కదా!

ఇంతకంటె బాధాకరమైనది మరొకటి ఉన్నది. కొత్తకోడలు గడప త్రొక్కిన ఏడే మిరపతోటకు బొబ్బర తెగులు తగులుతుంది. “దాని అదృష్టం అటువంటిది” అని ఇంటిల్లిపాదీ ఆ పిల్లను ఆడిపోసుకుంటారు. తెల్లదోమ ఆకు క్రిందనే కనబడుతుండగా అదృష్టాన్ని కల్పించడం మీమాంసకు విరుద్ధం. పైగా ఎవరి కర్మఫలం వారిదే. తోట పోయి నష్టపడినది యజమాని. అదృష్టమే వెదకదలచుకుంటే తన ఖాతాలో వెదకుకొనవలెను గాని, నిన్న వచ్చిన పిల్ల ఖాతాలో కాదు. పురోహితులు కూడ ఇటువంటి మాటలకు వంత పాడరాదని నా మనవి.

“అట్లయితే పూజకు ఫలమేది శాస్త్రిగారూ?” అని కొందరు అడుగుతారు. అక్కడ మాత్రం ఆ మాట నిరభ్యంతరంగా వాడవచ్చును. స్వామికి మీరు సమర్పించిన తులసిదళం కనబడుతుంది. దాని ఫలం కనబడదు. అది అదృష్టము.