చీపురు పట్టిన ఆస్పత్రిలోనే కంప్యూటరూ పట్టాలి

(మండల కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మనం మాట్లాడుకునేది ఒక ఉద్యోగం గురించి. ఆస్పత్రిలో కంప్యూటర్లు నడిపించే పని, ఆగిపోతే బాగుచేసే పని. ఉద్యమ శిబిరంలో ఇదేం పాఠం అని కొందరికి అనిపించొచ్చు. ఎందుకో చెప్తాం, వినండి.

మన పల్లెకు పెద్దాస్పత్రి కొత్తది కాదు. మన తల్లులు అక్కడ వార్డులు ఊడ్చారు. మన తండ్రులు స్ట్రెచర్లు తోశారు, శవాలు మోశారు. ఆ ఆస్పత్రిలో ప్రతి గదీ మనకు తెలుసు. ఒక్క గదిలోకి మాత్రం ఊడ్చేదానికి తప్ప మనం పోలేదు. అది కంప్యూటర్ల గది.

మొన్నామధ్య మా పల్లెలో ఒక పెద్దమ్మకు కాలి పుండు ముదిరింది. షుగరు మనిషి. ఆస్పత్రికి పోతే కౌంటరు కాడ "సర్వర్ డౌన్, రేపు రా" అన్నారు. మర్నాడు పోతే మళ్లీ అదే మాట. తెలిసినోళ్లు ఉన్నవాళ్లు లోపలికి పోయి ఇంకో కంప్యూటరు కాడ చీటీ రాయించుకున్నారు. పెద్దమ్మకు తెలిసినోళ్లు ఎవరున్నారు? మూడో రోజు మేమూ తోడు పోయాం. మా బడిలో చదివిన పిల్లోడు ఒకడు అక్కడ పనిలో చేరి వారమైంది. మమ్మల్ని చూసి వచ్చాడు. కౌంటరు కిందికి దూరి చూశాడు. సర్వరుకు ఏమీ కాలేదు. కేబులు చివర క్లిప్పు విరిగి వదులైంది. కొత్తది బిగించాడు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల పనికి పెద్దమ్మకు మూడు రోజుల కూలి పోయింది, పుండు ఇంకాస్త లోతుకు పోయింది.

"రేపు రా" అనే మాట మన తాతలు కరణం అరుగు కాడ విన్నదే. అప్పుడు దస్త్రం పేరు చెప్పారు, ఇప్పుడు సర్వరు పేరు చెప్తున్నారు. ఆ దస్త్రంలో ఏముందో తెలియక మన భూములు పోయినయ్. ఈ సర్వరులో ఏముందో తెలియకపోతే ప్రాణాలే పోతాయి.

లెక్క చూడండి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆపరేషనుకు అనుమతి కావాలంటే కాగితాలు, స్కానింగు ఫొటోలు కంప్యూటర్లో పంపాలి. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది, అదీ కంప్యూటరు మీదే. 2021 సెప్టెంబరులో దేశమంతటికీ డిజిటల్ ఆరోగ్య మిషన్ మొదలైంది. మనిషికి 14 అంకెల ఆభా నంబరు ఇస్తున్నారు. తీసుకోవటం మన ఇష్టమే. కానీ ఓపీ చీటీ నుంచి డిశ్చార్జి దాకా చాలా ఆస్పత్రుల్లో పని తెర మీదనే జరుగుతుంది. అది ఆగితే వైద్యం ఆగినట్టే.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఏమైంది? ఎవరో సైబర్ దాడి చేసి 5 సర్వర్లలోని సమాచారానికి తాళం వేశారు. దేశంలోని పెద్ద ఆస్పత్రుల్లో ఒకటైన ఆ ఆస్పత్రి దాదాపు రెండు వారాలు చేతిరాత చీటీల మీద నడిచింది. చివరికి కాపాడింది ఏంది? దాడి తగలని ఒక బ్యాకప్ సర్వరు. దాన్లో దాచిన నకలు నుంచి సమాచారం తిరిగి ఎక్కించారు. నకలు తీసి పెట్టటం, అది పనిచేస్తుందో లేదో చూసుకోవటం, ఇదీ ఆస్పత్రి కంప్యూటరు మనిషి చేసే పని. డాక్టరు పని ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

మరి ఏం నేర్చుకోవాలి? మొదట పెట్టె విప్పటం, బిగించటం, ప్రింటరు, కేబులు, నెట్‌వర్కు. రెండోది ఆస్పత్రి పని తీరు. రక్తపరీక్ష మిషను లెక్క కంప్యూటర్లోకి ఎట్టా వస్తుంది, స్కానింగు ఫొటో డాక్టరు తెర మీదికి ఎట్టా పోతుంది అనేది తెలియాలి. బజార్లో కంప్యూటరు బాగుచేసేవాడికీ ఆస్పత్రిలో చేసేవాడికీ తేడా ఇక్కడే. ఐసీయూలో ఏ తీగ పీకకూడదో తెలిసినవాడే పనికొస్తాడు. మూడోది బ్యాకప్పు, పాస్‌వర్డుల జాగ్రత్త. నాలుగోది ఇంగ్లీషు. తెర మీద వచ్చిన తప్పు చదివి అర్థం చేసుకునేంత వస్తే మొదటికి చాలు. మేం ఇంగ్లీషుకు భయపడి చాలా ఏళ్లు పోగొట్టుకున్నాం, మీరు పోగొట్టుకోవద్దు.

అయిదోది నోటి కట్టు. ఎవరికి ఏ జబ్బో మీ కళ్ల ముందుకొస్తుంది. పల్లెలో ఒక మాట బయటికి పోతే ఒక పిల్ల పెళ్లి ఆగిపోద్ది. హెచ్ఐవీ ఉన్నవాళ్ల వివరం బయటపెట్టకూడదని 2017 చట్టమే ఉంది. చట్టం లేకపోయినా మనకు అది ధర్మం.

ఎక్కడ నేర్చుకోవాలి? ఐటీఐలో కోపా అని ఏడాది కోర్సు ఉంది, పదో తరగతి పాసైతే చాలు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ 'ఓ' లెవెల్ పరీక్ష పెడుతుంది. తర్వాత అప్రెంటిసుగా చేరొచ్చు. 1961 అప్రెంటిస్ చట్టం 3ఏ సెక్షను ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాలు కేటాయించాలంటుంది. ఈ సంగతి ఎంతమంది కార్యకర్తలకు తెలుసు? తెలియకపోతే ఎవరు అడుగుతారు?

మోసాలూ ఉన్నాయి. మా పల్లెలో ఒక తండ్రి బర్రెనమ్మి కూతుర్ని పట్నంలో ఒక సంస్థలో చేర్చాడు. నూటికి నూరు ఉద్యోగం అన్నారు. మూడు నెలలు బోర్డు మీద బొమ్మలు గీసి చూపించారు, ఒక్క పెట్టె విప్పనియ్యలేదు. చివర్న రంగుల కాగితం చేతిలో పెట్టారు. అందుకని ఫీజు కట్టకముందే అడగండి: చేత్తో పని చేయనిస్తారా? ఆస్పత్రికి పంపి నేర్పిస్తారా? పోయిన ఏడాది చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, వాళ్లతో మాట్లాడొచ్చా? డబ్బుకు రసీదు ఇస్తారా? సమాధానం నీళ్లు నమిలితే లేచి రండి.

ఉద్యోగం వచ్చినంత మాత్రాన కష్టాలు తీరవు. ప్రైవేటు ఆస్పత్రుల్లో మనకు రిజర్వేషను లేదు. సర్కారు ఆస్పత్రుల్లోనూ ఇట్టాంటి పనులు చాలావరకు కాంట్రాక్టు చేతికి పోయినయ్. కాబట్టి చేరిన రోజే నియామక కాగితం, జీతం చీటీ, పీఎఫ్ నంబరు అడిగి తీసుకోండి. ఒంటరిగా అడిగితే తీసేస్తారు. ఊడ్చే అమ్మలు, సెక్యూరిటీ అన్నలు, కంప్యూటరు పిల్లలు కలిసి అడగండి. తెర ముందు కూచున్నామని చీపురు పట్టిన అమ్మను చిన్నచూపు చూస్తే మనం మారినట్టు కాదు. ఆమె జీతం పోరాటమూ మనదే.

కార్యకర్తలకు ఒక పని చెప్పి ముగిస్తాం. ప్రతి పల్లెలో పది పాసై ఇంటికాడ ఉన్న పిల్లల పేర్లు రాయండి. ఆడపిల్లల పేర్లు ముందు రాయండి. ఐటీఐ దరఖాస్తులకు ముందే కుల, ఆదాయ సర్టిఫికెట్లు తీయించి పెట్టండి. మా బడి సాయంత్రం పూట తెరిచే ఉంటుంది, దరఖాస్తు నింపేదానికి మేముంటాం.

ఈసారి మన పెద్దమ్మ ఆ కౌంటరు కాడికి పోయేసరికి లోపల "రేపు రా" అనని మనిషి ఒకరుండాలి.

జై భీమ్.