ఫోన్‌లో అరెస్టు ఉండదు



పోయిన నెల మా ఆఫీసుకి ఒక రిటైరైన టీచరమ్మ వచ్చారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మంచినీళ్లిచ్చాం. చివరికి అన్నారు: "నన్ను రెండు రోజులు ఇంట్లోనే అరెస్టు చేశారమ్మా."

ఆవిడ పేరు మీద వచ్చిన పార్శిల్‌లో మత్తుమందులు దొరికాయని ఫోనొచ్చింది. తర్వాత వీడియో కాల్‌లో పోలీసు దుస్తుల్లో ఒక మనిషి కనిపించాడు. ఫోను పెట్టెయ్యొద్దు, తలుపు వేసుకో, కొడుక్కి కూడా చెప్పొద్దన్నాడు. డబ్బు మొత్తం "తనిఖీ" కోసం ఒక ఖాతాకి పంపమన్నాడు. పంపేశారు.

చదువుకున్న మనిషి ఎలా నమ్మిందని అందరూ అడుగుతారు. అత్యాశ అనేస్తారు. ఇందులో ఆశేముంది? భయం. పోలీసు అనగానే ముందు పరువు గుర్తొచ్చేలా మనల్ని పెంచారు. "ఎవరికీ చెప్పకు" అన్న మాట మాత్రం మనకి కొత్తా? ఇంట్లో కొట్టే మొగుడూ అదే అంటాడు.

"డిజిటల్ అరెస్టు" అన్నది మన దేశంలో ఏ చట్టంలోనూ లేదు. 2024 జూలై 1 నుంచి నేర విచారణ పద్ధతికి భారతీయ నాగరిక సురక్షా సంహిత వర్తిస్తోంది. దాని ప్రకారం పొద్దుగూకిన తర్వాత, తెల్లవారేలోగా స్త్రీని అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. సాక్షిగా ప్రశ్నించాలన్నా మనల్ని స్టేషనుకి రమ్మనకూడదు, మనం ఉండే చోటికే రావాలి. స్త్రీని సోదా చేసేది మరో స్త్రీయే, అదీ మర్యాదగా. ఎందుకు చెబుతున్నానంటే, సోదా పేరుతో కెమెరా ముందు బట్టలు విప్పించిన కేసులు కూడా ఉన్నాయి. అరెస్టయితే ఆ సంగతి అయినవాళ్లకి తెలియజేయించుకునే హక్కు మనది. అంటే "ఎవరికీ చెప్పకు" అన్నవాడు అక్కడే దొరికిపోయినట్టు.

మెసేజీల్లో వచ్చే లింకుల గురించి మీకు తెలిసిందే. ఒక్క మాట మాత్రం పొదుపు సంఘాల్లో మళ్లీ మళ్లీ చెప్పండి: డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ నొక్కక్కర్లేదు. పిన్ నొక్కితే పోయేది మన డబ్బే.

పోతే ఏం చేయాలి? వెంటనే 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకి చెప్పాలి. దొంగలు ఆ డబ్బుని గంటల్లోనే ఖాతా నుంచి ఖాతాకి మార్చేస్తారు. అది ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఆపగలిగితే కొంతైనా దక్కే అవకాశం ఉంటుంది. కాల్ వచ్చిన నంబరు, మెసేజీలు, డబ్బు పంపిన వివరాలు చెరిపెయ్యకుండా ఉంచాలి.

టీచరమ్మ మా దగ్గరికి వచ్చేసరికి ఐదు రోజులైంది. కొడుకు తిడతాడని ఆగారట. మేం ముందు 1930కి చేశాం. కొడుక్కి తర్వాత చెప్పాం.