లెక్కలోకి రాని తల్లి

(తల్లీబిడ్డల ఆరోగ్యంపై ఏర్పాటైన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులం కాము. మా మొహల్లా సంఘంలో అధికులు ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా పనిచేసి పదవీ విరమణ పొందినవారు. రిజిస్టర్లతోనే జీవితం గడిపినవారం. కనుక మాకు తెలిసిన విద్య గురించే నాలుగు మాటలు మనవి చేస్తాము.

కొన్నేళ్ల క్రితం మా వీధిలో ఒక బిడ్డ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆసుపత్రిలో క్షేమంగా ప్రసవించి ఇంటికి చేరింది. పందొమ్మిదవ రోజున జ్వరం ముదిరి, ఆసుపత్రికి తీసుకువెళ్లేలోపే కన్నుమూసింది. మగ్రిబ్ వేళకు ఖననం పూర్తయింది. మాలో పలువురం ఆ జనాజాను భుజాన మోశాము. ఆరు నెలల తరువాత మా ప్రాంతపు ఆ ఏటి లెక్క అడిగి చూశాము. ప్రసూతి మరణాలు అన్న గడిలో సున్నా ఉన్నది.

ఎవరో కావాలని దాచారా అని మొదట ఆవేశపడ్డాము. విచారిస్తే దాచినవారు ఎవరూ లేరు. అత్తవారి ఊరి జాబితాలో ఆమె పేరు ఉన్నది, కాని కాన్పుకు ముందే అక్కడి నుండి వచ్చేసింది. పుట్టింటి ఊరి జాబితాలో పేరే ఎక్కలేదు. మరణాన్ని నమోదు చేయించాలన్న ఆలోచన దుఃఖంలో ఉన్న ఇంటివారికి రాలేదు. ముప్పై ఏళ్లు రిజిస్టర్లు రాసిన మాకూ రాలేదు. ఆ తప్పులో మా వంతు ఉన్నదని ఒప్పుకుంటున్నాము.

గర్భధారణ సమయంలోగాని, అది ముగిసిన 42 రోజులలోపుగాని, గర్భానికి సంబంధించిన కారణంతో స్త్రీ మరణిస్తే దానిని ప్రసూతి మరణంగా పరిగణించాలి. ప్రతి మరణాన్నీ సమీక్షించి, ఎక్కడ ఆలస్యం జరిగిందో తేల్చాలన్న విధానం ప్రభుత్వంలోనే ఉన్నది. అయితే నమోదే కాని మరణాన్ని సమీక్షించేదెవరు? ఆ జ్వరాన్ని సకాలంలో ఎవరూ ఎందుకు గుర్తించలేదన్న ప్రశ్న ఆ బిడ్డతోపాటే మట్టిలో కలిసిపోయింది.

ఇక బహిరంగంగా లభించే లెక్కలు ఏమి చెబుతున్నాయో చూద్దాం. నమూనా నమోదు పద్ధతి ప్రకారం 2018-20లో లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు దేశంలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆసుపత్రి కాన్పులు ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం. ఇవి సంతోషించదగిన అంకెలే. కాని అదే సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. తెలంగాణ కాన్పులలో 60.7 శాతం సిజేరియన్లు. అంటే మన స్త్రీలు ఆసుపత్రి గడప దాకా చేరుతున్నారు. రక్తం తక్కువై చేరుతున్నారు, కోతతో తిరిగి వస్తున్నారు. అటువంటి తల్లికి ఇంటికి వచ్చిన తరువాతి ఆరు వారాలే గండం. మన కన్ను ఉండవలసింది అక్కడ.

ఇందులో ముస్లిం తల్లుల పరిస్థితి ఏమిటని అడిగితే జవాబు సులభంగా దొరకదు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక మన గురించి ఒక మంచి మాటా చెప్పింది: పేదరికం ఉన్నా ముస్లిం కుటుంబాలలో శిశుమరణాలు సగటుకన్నా తక్కువ. అంకెలు మనపై ఉన్న అపోహలనూ తొలగించగలవని దీనివల్ల తెలుస్తున్నది. జాతీయ సమాచార నిధి ఏర్పాటు చేయాలని కూడా ఆ కమిటీయే సిఫారసు చేసింది. అయినా నేటికీ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా పత్రాలలో మతంవారీ ఫలితాలు ఉండవు. రాష్ట్ర నివేదికలలో కొన్ని పట్టికలు ఉంటాయి. వాటిలోనూ 25 మందికన్నా తక్కువ నమూనా ఉన్న చోట అంకెకు బదులు నక్షత్రం గుర్తు వేస్తారు. గణాంక శాస్త్రం ప్రకారం అది సబబే. కాని ఆ నక్షత్రం వెనుక ఉన్నది మన ఇళ్లే. జనన మరణ నమోదు పత్రాల గణాంక భాగంలో మతం అడిగే గడి ఉన్నది. అడిగిన దానిని, ఎవరి పేరూ బయటపడకుండా, జిల్లావారీగా ప్రచురించమని కోరడం మన హక్కు.

హక్కు అడిగేవారికి బాధ్యతా ఉన్నది. ఆ బిడ్డ మరణం తరువాత మా సంఘపు స్త్రీలు ఇంటింటికీ వెళ్లి, వారి అనుమతితోనే గర్భిణుల పేర్లు ఒక నోటుపుస్తకంలో రాశారు. దానిని ఏఎన్‌ఎం అమ్మ వద్ద ఉన్న జాబితాతో సరిచూశాము. అద్దె ఇళ్లకు కొత్తగా వచ్చినవారు, పుట్టింటికి వచ్చినవారు అందులో లేరు. మరొక చిక్కు పేర్లది. ఒకే వీధిలో నలుగురు షేక్ పర్వీన్‌లు. ఒకామె టీకా మరొకామె ఖాతాలో పడింది. ఆధార్‌లో ఒక అక్షరం, బ్యాంకులో మరొక అక్షరం ఉండటంతో రావలసిన సొమ్ము ఆగినవారూ ఉన్నారు. ఏఎన్‌ఎం అమ్మ కోపగించుకోలేదు సరికదా, పేర్లు చేర్చుకుని, ప్రతివారికీ నమోదు సంఖ్య రాసిన తల్లీబిడ్డల కార్డు ఇచ్చింది. అప్పటినుండి మేము పేరుతో కాక ఆ సంఖ్యతోనే సరిచూస్తున్నాము.

మీ మొహల్లాలలో చేయదగిన పనులు మూడు మనవి చేస్తాము.

మొదటిది, కాన్పుకు పుట్టింటికి వచ్చిన బిడ్డ పేరును ఆ వారంలోనే స్థానిక ఆశా కార్యకర్తకు చెప్పండి. కార్డు వెంట తెచ్చుకున్నదో లేదో చూడండి.

రెండవది, జననమైనా మరణమైనా 21 రోజులలోపు నమోదు చేయించండి. 1969 నాటి జనన మరణ నమోదు చట్టం 10వ సెక్షన్ ప్రకారం శ్మశానాల, ఖబరస్తాన్‌ల నిర్వాహకులకూ మరణ సమాచారం తెలియజేయవలసిన విధి ఉన్నది. కనుక ప్రతి ఖబరస్తాన్ కమిటీ ఒక రిజిస్టర్ ఉంచాలి. మరణించినది వయసులో ఉన్న స్త్రీ అయితే, గర్భిణియా, కాన్పయి ఎన్ని రోజులైనదన్న ఒక్క ప్రశ్న గుసుల్ చేయించిన స్త్రీల ద్వారా మర్యాదగా అడిగి రాయాలి.

మూడవది, ఏడాదికి ఒకసారి సమాచార హక్కు చట్టం కింద మీ ఆరోగ్య కేంద్రం లెక్కలు కోరండి. పేర్లు కాదు, సంఖ్యలు మాత్రమే. మీ పుస్తకంతో పోల్చండి. తేడా వస్తే అధికారి ఎదుట కూర్చుని మాట్లాడండి. ఒక వీధిలో ఒకటి రెండు మరణాలను చూసి శాతాలు కట్టి పత్రికలకు ఎక్కవద్దు. చిన్న సంఖ్యలకు శాతాలు నిలవవు. ఒక్కొక్క మరణానికి కారణం అడగండి, అది చాలు.

ఆ తల్లి కన్న పాప ఇప్పుడు బడికి వెళుతున్నది. జనన ధ్రువపత్రంలో తల్లి పేరు ఉన్నది. ఆమె మరణాన్ని మేము ఆలస్య రుసుము కట్టి, అనుమతి తెచ్చి, తరువాత నమోదు చేయించాము. అప్పటికి ఆ ఏటి లెక్క ముగిసిపోయింది. ఆ సున్నా అలాగే ఉన్నది. అటువంటి సున్నా మీ ఊళ్లో మరొకటి పడకూడదనే ఇంత దూరం వచ్చి ఈ నాలుగు మాటలు చెప్పాము.