అదను, పదును

సూర్యుఁడొక్కొక్క నక్షత్రమున నుండు 13, 14 దినముల కాలమే కార్తె. ఇట్టివి సంవత్సరమునకు 27. మే 25 ప్రాంతమున రోహిణియు, జూను 8 ప్రాంతమున మృగశిరయు, జూను 22 ప్రాంతమున ఆర్ద్రయు ప్రవేశించును. కార్తె అదనును తెలుపును గాని, నేలలోని పదునును తెలుపదు. మృగశిర తొలిజల్లునకే చల్కలో జొన్న విత్తినచో మొలకెత్తును. పిదప పది దినములు వాన లేకున్న మొలక మాడును. విత్తనము, కూలి, ఎడ్ల శ్రమ మూడును వ్యర్థములగును.

కావున వివేకియగు కాపు రోహిణి వానకు వాలునకడ్డముగా దున్ని, నీటిని పొలముననే యింకించును. విత్తుటకు ముందు గడ్డపారతో త్రవ్వి చూచును. జానెఁడు లోతువఱకు మన్ను తడిసి, పిడికిటఁ బట్టిన ముద్దగట్టెనేని విత్తును. లేనియెడల ఆర్ద్రకై వేచియుండును. ఆలస్యమైనను ఆముదమునకును, ఉలవకును అదను మిగిలియుండును; మాడిన మొలకకు మఱి అదను లేదు.