లైసెన్సు రద్దా? జరిమానాయా?
(ఉప్పర్వాహి తెలుగువారి సమావేశమునందలి ప్రసంగ పాఠము)



కిరాణా వర్తకులమైన మాకు బీమా చట్టముతో నేమి పని యని కొందరు నవ్వవచ్చును. మన యిండ్లలో బీమా ఏజెంట్లు పలువురు కలరు. వారిలో నొక యువకుడు తన మొదటి యేటి కమీషనులో కొంత పాలసీదారునకు తిరిగి యిచ్చెను. అంగడిలో మనము వేయు కొసరువంటిదే యని తలచెను. 1938 నాటి బీమా చట్టము 41వ సెక్షను దానిని నిషేధించినది. పూర్వము అందులకు జరిమానా 500 రూపాయల వరకే. 2015 సవరణతో 10 లక్షల వరకు పెరిగినది. కాని యతనికి జరిమానా పడలేదు, ఏజెన్సీయే పోయినది. ఉత్తరువు ఇంగ్లీషులో నుండెను. అప్పీలు సంగతి యున్న పేరా ఎవరును చదువలేదు. గడువు దాటినది. అతడు మావద్దకు వచ్చునప్పటికి మేము చేయగలిగినది లేకపోయెను.

ఏజెంటును తొలగించునది నియమించిన కంపెనీయే. 2016 నియమముల ననుసరించి అప్పీలు సైతము ఆ కంపెనీలోని అప్పీలు అధికారికే చేసికొనవలెను. బ్రోకర్లు, సర్వేయర్లు, కంపెనీలపై బీమా నియంత్రణ సంస్థ యిచ్చు ఉత్తరువులకైనచో దారి వేరు. 110వ సెక్షను క్రింద 45 దినములలో సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునలుకు పోవచ్చును. 1956 వరకు మన రాజూరా ప్రాంతము హైదరాబాదు రాష్ట్రములోనిది. నేడు ఉత్తరువు హైదరాబాదునుండి వచ్చును, మొర ముంబాయిలో వినిపించుకొనవలెను!

ఆ ట్రిబ్యునలు ఉత్తరువును ఖాయపరుపవచ్చును, మార్చవచ్చును, కొట్టివేయవచ్చును. ఆ "మార్చు" అధికారములో రద్దునకు బదులు జరిమానా విధించుటకు తావున్నదని మా యభిప్రాయము. అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రపు చట్టము ఏజెంటు లైసెన్సు రద్దునకు బదులుగ శాఖవారు జరిమానా వేయవచ్చునని స్పష్టముగనే చెప్పినది. మన సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వోద్యోగి శిక్ష విషయమై 1995లో నిచ్చిన తీర్పు జాగ్రత్తగ చెప్పినది: శిక్షను మార్చుట సాధారణముగ కోర్టుల పని కాదు; నేరమునకు మించి మనస్సును కలచివేయు శిక్షయైనప్పుడే, అరుదుగ, కారణములు వ్రాసి, కోర్టే తగిన శిక్ష విధింపవచ్చును.

అట్లని ప్రతి తప్పునకు జరిమానా చాలునని మేమనము. ప్రీమియము సొమ్ము జేబులో వేసికొన్నవానికి లైసెన్సు పోవలసినదే. పెద్ద కంపెనీకి లక్ష రూపాయలు ఒకపూట ఖర్చు. ఏజెంటుకు ఏజెన్సీ పోయినచో ఇంటిల్లిపాదికి గ్రాసము పోవును. తూనికల విషయములో 2009 నాటి చట్టము మనకు తెలిసినదే: మొదటి తప్పునకు సొమ్ము కట్టి రాజీ పడవచ్చును, మూడేండ్లలో అదే తప్పు మరల చేసినచో ఆ వెసులుబాటు లేదు. బీమా ఏజెంట్లకును ఇట్టి పద్ధతి కోరుచు సంఘము పక్షమున అర్జీ పంపదలచితిమి.

అంతవరకు, కంపెనీనుండి సంజాయిషీ నోటీసు గాని రద్దు ఉత్తరువు గాని వచ్చిన దినముననే మా అంగడికి తీసికొని రండు. ఇంగ్లీషు చదువగలవారు ఇద్దరు సాయంకాలము అచ్చటనే యుందురు. అందిన తేదీ కవరుపై వ్రాయుట మరువకుడు, కవరు పారవేయకుడు.