నేను విన్న కచేరీలు



నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను. మా ఇంట్లో పాడేవాళ్లు లేరు, వాయించేవాళ్లు లేరు. కన్నడ మాధ్యమంలో చదువుకుని, బి.ఇడి. పూర్తి చేసి, పావగడ తాలూకాలోనే బడిపంతులుగా ఉన్నాను. అయినా ఎక్కడ హరికథ ఉందన్నా, సన్నాయి మేళం వచ్చిందన్నా, పాట కచేరీ అన్నా సైకిలు తీసుకుని బయలుదేరే అలవాటు నాకు చిన్ననాటి నుంచీ ఉంది. అలా తిరిగి విన్న కచేరీలను గురించి, వాటిలో ఒకనాడు నేను చేసిన ఒక తప్పును గురించి ఈ పూట మీతో చెప్పుకుంటాను.

మాది రాయచెర్లు. పటంలో చూస్తే కర్ణాటక, తుమకూరు జిల్లా. కానీ మా తాలూకాకు మూడు వైపులా ఆంధ్రదేశమే. ఊరి పేరులో ఉన్న చెర్లు ఏ భాషదో మీకు చెప్పనక్కరలేదు. మా పిల్లలు ఇంట్లో తెలుగులో అన్నం అడిగి తిని, బడికి వచ్చి కన్నడంలో వ్యాసం రాస్తారు. సంతలో రెండు భాషలూ నడుస్తాయి. తెలుగు మాట్లాడే మాలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. నాకూ ఇరవై ఏళ్లు వచ్చేదాకా రాలేదు. హిందూపురం, మడకశిర, పెనుకొండ అని ఆంధ్ర బస్సుల మీద ఉన్న బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాను. కన్నడ లిపి, తెలుగు లిపి ఒక తల్లి పిల్లలే కాబట్టి అదేమంత కష్టం కాలేదు.

నేను మొట్టమొదట ఎదురుగా కూర్చుని విన్న సంగీతం నాటకాలలోనిది. ఒక ఏడు కన్నడ కురుక్షేత్రం ఆడితే, ఇంకో ఏడు తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు తెలుగులో ఆడేవారు. గ్యాసు లైట్ల వెలుగులో, హార్మోనియం మాస్టరు రంగస్థలానికి ఒక పక్కన కూర్చుని, వేషధారి గొంతు ఎంత ఎత్తుకు పోతే అంత ఎత్తుకు ఆయనా పోయేవాడు. జనం వన్స్ మోర్ అంటే చచ్చిపడిన వీరుడు లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోవడం నేను కళ్లారా చూశాను. రాగం అంటే ఏమిటో తెలియని వయసులోనే, మా ఊరి గొర్రెల కాపరులు ఏ పద్యం ఏ తీరున ఎత్తుకోవాలో వాదించుకునేవారు.

పాట కచేరీ మాత్రం ఎనిమిదో తరగతిలో ఉండగా విన్నాను. పావగడలో శ్రీరామనవమి పందిరి. మా అవ్వను శనిమహాత్మ దర్శనానికి పిలుచుకుపోయి, సాయంత్రం కచేరీ ఉంది, విని పోదామన్నాను. మా అవ్వకు తెలిసిన కచేరీ తాలూకా కచేరీ ఒక్కటే.

"పొద్దు గూకినాక కచేరీలో మనకేం పని రా అబ్బయ్యా?" అంది.

సరే, కూర్చున్నాం. బెంగళూరు నుంచి వచ్చినావిడ పాడింది. వయొలిన్, మృదంగం, వెనుక తంబూరా. నాకు సగం కూడా అర్థం కాలేదు. పక్కకు చూస్తే మా అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఉంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ ఆ పాటలన్నీ ఆమె ఇంటి భాషలో ఉన్నాయి. రాముణ్ణి ఒకాయన అడుక్కుంటున్నాడు, అలుగుతున్నాడు, నిష్ఠూరమాడుతున్నాడు. అదంతా ఆమెకు పొలం గట్టు మీద మాట్లాడుకునే మాటలాగే వినిపించింది. మంగళం అయ్యాక జనంలోంచి దూసుకుపోయి గాయని చేయి పట్టుకుంది.

"ఏ ఊరు తల్లీ మీది? మనోళ్లేనా?"

ఆవిడ నవ్వి, తనకు తెలుగు మాట్లాడటం రాదని కన్నడంలో చెప్పింది. మా అవ్వ నమ్మలేదు. బస్సులో ఊరు చేరేదాకా అదే మాట.

"అంతసేపు రాములోరితో మాట్లాడింది. నాతో మాట్లాడేకి రాదంట!"

అవ్వ అడిగిన ఆ ప్రశ్నే నన్ను తర్వాత పుస్తకాల దగ్గరికి తీసుకుపోయింది. త్యాగరాజస్వామి 1767 నుంచి 1847 దాకా జీవించినది తమిళదేశంలో, పాడినది ఎక్కువగా తెలుగులో. పంచరత్న కృతులలో నాట రాగంలోది సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగే. మన మైసూరు వాసుదేవాచార్యులు కన్నడ నాటివారై ఉండి, తెలుగులో, సంస్కృతంలో కృతులు రచించారు. తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి గుడి కట్టించిన బెంగళూరు నాగరత్నమ్మ పుట్టింది నంజనగూడులో. ముద్దుపళని రాసిన తెలుగు కావ్యాన్ని 1910లో మళ్లీ అచ్చు వేయించింది కూడా ఆమే. కన్నడ నాటి ఆడబిడ్డ తెలుగుకు చేసిన ఆ సేవ మన సరిహద్దు పల్లెల్లో ఎంతమందికి తెలుసునో!

బి.ఇడి. చదివే రోజుల్లో హిందూపురం పోయి రైలెక్కి, బెంగళూరు రామనవమి కచేరీలకు వెళ్లేవాణ్ణి. చామరాజపేటలో 1939లో ఎస్.వి. నారాయణస్వామి రావు గారు స్థాపించిన శ్రీరామసేవా మండలి వారు, కోట హైస్కూలు మైదానంలో పందిరి వేసి పెద్ద పెద్ద విద్వాంసులను పిలిపిస్తారు. చేతిలో డబ్బు లేనినాడు పందిరి బయట నిలబడి విన్నాను. ఆటోల చప్పుడు, వేరుశెనక్కాయల బండి గంట, వాటి మధ్యన తోడి రాగం. అలా విన్నదే ఎక్కువ గుర్తుంది.

ఆ తిరుగుళ్లలోనే పాటలో మాట ఎలా పలుకుతున్నారో పట్టి చూడటం నేర్చుకున్నాను. తెలుగువాళ్లం చల్ల, చుక్క అన్నప్పుడు ఆ చకారాన్ని పళ్ల దగ్గర పలుకుతాం. చాలా భాషలవాళ్లకు ఆ పలుకుబడి తెలియదు. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకే అక్షరం కనుక, అక్కడి పాటల పుస్తకాలలో అక్షరం పక్కన ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసుకుని చదువుకుంటారు. కన్నడవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. తెలుగులోని అక్షరానికి అక్షరం కన్నడంలో ఉంది. ఆర్.కె. శ్రీకంఠన్ గారి సంగతి చూడండి. 1920లో పుట్టి 2014లో కన్నుమూసిన ఆ విద్వాంసుడు హాసన్ జిల్లా రుద్రపట్నం మనిషి. ఇంటి భాష సంకేతి, నాటి భాష కన్నడం. కానీ ఆయన పాడితే తెలుగు మాట ముక్క చెదరకుండా వినిపించేది. తొంభై దాటినా కచేరీ చేశారు. అట్లాంటివారిని వినీ వినీ, నాకూ మాటల విరుపుల మీద గొప్ప పట్టు వచ్చిందని అనుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కు.

2009లో మా ఊరి శ్రీరామనవమికి నాటకం బదులు కచేరీ పెట్టిద్దామని పెద్దలను నేనే ఒప్పించాను. బెంగళూరు నుంచి ఒక యువ గాయకుడు, తోడుగా వయొలిన్, మృదంగం. దక్షిణ చాలా తక్కువ. అయినా వచ్చారు. పానకం, కోసంబరి పంచిపెట్టాక, చల్లబడిన వేళ కచేరీ మొదలైంది. జనం మూడు వందల మంది దాకా చేరారు గానీ, వెనకున్నవాళ్లు మాటల్లో పడ్డారు. పిల్లలు పరుగులు. నాకు తలకొట్టేసినట్టుంది. రెండో పాటకు రాగం ఎత్తుకున్నాడో లేదో, కరెంటు పోయింది.

మైకు లేదు. దీపం లేదు. గాయకుడు ఆపలేదు. రాగాన్ని అట్లాగే, కాస్త గొంతు పెంచి సాగించాడు. శ్రుతిపెట్టె బ్యాటరీ మీద నడుస్తోంది కాబట్టి అది మోగుతూనే ఉంది. నేను ఊహించనిది అప్పుడు జరిగింది. వెనకున్నవాళ్లు వినపడక, ఒక్కొక్కరే లేచి ముందుకు వచ్చి కూర్చున్నారు. మాటలు ఆగిపోయాయి. ఎవరో గుడిలోని దీపపు సెమ్మె తెచ్చి పెట్టారు. మృదంగం మీద వేలు ఆడితే ఆ చిన్న చప్పుడు కూడా వినిపించింది. ముప్పావుగంట అలాగే సాగింది. నేను విన్న కచేరీలన్నిటిలో ఆ ముప్పావుగంటను మించినది లేదు.

పాట ముగిశాక గాయకుడు, "మీ ఊళ్లో పాడే కీర్తన ఏదైనా ఒకటి ఎత్తుకోండి, నేనూ పాడతాను" అని కన్నడంలో అడిగాడు. ఎవరూ పలకలేదు. చివరికి నా ఏడో తరగతి పిల్ల ఒకతె, భజన గుంపులోని ముసలామె మనవరాలు, కూర్చున్నచోటి నుంచే ఒక కీర్తన అందుకుంది. త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలు గుంపుగా పాడుకునేందుకు చేసినవే కదా, అట్లాంటిది ఒకటి. కన్నడ అక్షరాలలో నోటుపుస్తకంలో రాసుకుని నేర్చిన పాట. వయొలిన్ ఆయన శ్రుతి చూసుకుని వెంట పోయాడు. గాయకుడు రెండో చరణానికి గొంతు కలిపాడు. ఆ పిల్ల ముఖం చీకట్లో కనబడలేదు గానీ, గొంతులో బెరుకు లేదు.

మరునాడు నేను చేసిన పని చెబుతాను. తరగతిలో ఆ పిల్లను నిలబెట్టి, బాగా పాడావన్నాను. అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. రెండో చరణంలో ఒకచోట మాటను తప్పుగా విరిచావని, అక్కడ విరిస్తే అర్థం చెడుతుందని, పిల్లలందరి ముందూ బోర్డు మీద రాసి చూపించాను. మిగతా పిల్లలు నవ్వారు. ఆమె "సరే సార్" అని కూర్చుంది. ఆ తర్వాత బడిలో ప్రార్థనకు కూడా ఆ పిల్ల ముందుకు రాలేదు. ఎంత పిలిచినా గొంతు నొప్పి అనేది.

మూడు నాలుగేళ్లు గడిచాయి. బెంగళూరులో ఒక చిన్న గుడి కచేరీలో ఒక వృద్ధ విద్వాంసుడు అదే కీర్తన పాడాడు. సరిగ్గా ఆ చోట, ఆ పిల్ల విరిచినట్టే విరిచాడు. నాకు ఒళ్లు ఝల్లుమంది. ఊరికి వచ్చి కన్నడ లిపి పుస్తకం, తెలుగు లిపి పుస్తకం రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. నేను ఒక్క మాట అనుకున్నది రెండు మాటలు. అక్కడ విరిస్తేనే అర్థం. అప్పటికి ఆ పిల్ల పై చదువుకు వేరే ఊరు వెళ్లిపోయింది. వెతికి పట్టుకుని చెప్పవలసింది. పనులు, బదిలీలు అని చెప్పుకుంటూ వాయిదా వేశాను. నిజానికి సిగ్గే అడ్డం వచ్చింది.

ఈలోగా ఊరే మారింది. తిరుమణి, బలసముద్రం, క్యాతగానచెర్లు, వల్లూరు, మా రాయచెర్లు, ఈ ఐదూళ్ల భూములలో దాదాపు 13,000 ఎకరాలు సోలారు పార్కుకు గుత్తకు పోయాయి. 2018లో కరెంటు తీయడం మొదలైంది, మొత్తం 2050 మెగావాట్లు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలైన గుత్త. వానను నమ్ముకుని వేరుశెనగ వేసి నష్టపోయిన రైతుకు అది చిన్న మాట కాదు, నేను తప్పు పట్టను. కానీ భూమి లేని కూలివాళ్లకు కళ్లం పని, కోత పని పోయింది. మా భజన గుంపులో తాళం వేసేవాళ్లు చాలావరకు ఆ కూలివాళ్లే. ఒక్కొక్కరే బెంగళూరు దారి పట్టారు. కరెంటు పోయి కచేరీ జరిగిన ఊరు ఇప్పుడు దేశానికి కరెంటు ఇస్తోంది. ఉత్సవానికి డబ్బు బాగానే చేరుతోంది. ఆ డబ్బుతో ఆర్కెస్ట్రా, ఆకాశమంత సౌండు బాక్సులు వస్తున్నాయి.

కిందటి శ్రీరామనవమికి, ఆర్కెస్ట్రాకు ముందు భజనకు గంట ఇవ్వమని అడిగాను. అరగంట ఇచ్చారు. పండక్కి ఊరు వచ్చినవాళ్లతో గుంపు ఎలాగో కూడింది. ఆ పిల్లా వచ్చింది. ఇప్పుడు పిల్ల అనకూడదు, చంకలో మూడేళ్ల కొడుకు. పందిరి పక్కన నిలబడి ఉంటే దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, ఏడో తరగతిలో ఆ పాటలో నేను తప్పు పట్టాను, గుర్తుందా? నువ్వు పాడిందే సరి. తప్పు నాది."

ఆమె కొడుకు చేతిలోని బెల్లం ముక్క సర్ది, నా వైపు చూసింది.

"నాకు తెలుసు సార్. మా అవ్వ అట్లే పాడుతుండె."

"మరి ఆ పొద్దే చెప్పకపోయావా?"

"మీరు మేష్ట్రు కదా సార్" అంది.

నేనింకేమీ మాట్లాడలేకపోయాను. తాళాలు మొదలయ్యాయి. ఆమె పిల్లవాణ్ణి ఒళ్లో వేసుకుని ఆడవాళ్ల వరుసలో కూర్చుంది. మూడో పాటగా ఆ కీర్తనే వచ్చింది, ఎవరు ఎత్తుకున్నారో నేను చూడలేదు. రెండో చరణం దగ్గర చెవులు రిక్కించి కూర్చున్నాను. మాట విరగవలసిన చోట విరిగింది. ఇంతలో సౌండు బాక్సుల కుర్రవాడు వచ్చి, టైము అయిపోయింది సార్, మేం వైర్లు లాగాలి అన్నాడు. ఇంకొక్క పాట, నాయనా, అని అతణ్ణి బతిమాలాను.